గింజలిచ్చి నూనె ఆడించుకుంటే గిట్టుబాటేనా? బెజవాడ చెక్క గానుగల మంచీ చెడూ

బెజవాడలో ఇప్పుడు ఏ పేటకెళ్లినా చెక్క గానుగ బోర్డు ఒకటి కనపడుతోంది. వీటిలో చాలావరకు సీసాలు అమ్ముకునే కొట్లే. కొన్నిచోట్ల మాత్రం మన గింజలు మనం పట్టుకెళ్తే కళ్లెదుటే ఆడించి, నూనె, చెక్క (నూనె తీశాక మిగిలే పిప్పి) రెండూ చేతికిస్తారు. ఇక్కడ రాస్తున్నది ఈ రెండో రకం గురించే. తీరిక లేనివాళ్ల కోసం తీర్పు ముందే చెప్పేస్తే: పప్పునూనెకి, అంటే నువ్వుల నూనెకి, కళ్లు మూసుకుని వెళ్లొచ్చు. వేరుశనగ నూనెకి కళ్లు తెరుచుకుని వెళ్లాలి. కొబ్బరినూనె తలకు రాసుకోవడానికే అయితే అంత ప్రయాస అక్కర్లేదు. గారెలు, పునుగులు, జంతికలు వేయించడానికి గానుగ నూనె సరిపడదు.

బోర్డుల మీద అందరూ గొప్పగా రాసేది గానుగ చేసిన కలప గురించి. దిరిసెన రోకలి అని ఒకరు, తుమ్మ రోలు అని ఇంకొకరు. నిజానికి నూనె బాగోగులు తేల్చేది కలప కన్నా వేగం. రోకలి నిమిషానికి ఇంచుమించు 15 చుట్లు తిరుగుతుంది, అందుకే పిండి గోరువెచ్చదనం దాటదు. ఎక్స్‌పెల్లర్ మిల్లులో స్క్రూ ఒత్తిడికి గింజ 100 డిగ్రీలు దాటి కాగుతుంది. నూనె ఎక్కువ దిగుతుంది, గింజ వాసన తక్కువ మిగులుతుంది. గానుగలో దీనికి తిరగబడి ఉంటుంది వ్యవహారం: వాసన నిలుస్తుంది, కానీ నూరుపాళ్ల చెక్కలో పది పన్నెండు పాళ్ల నూనె అలాగే ఉండిపోతుంది. ధరలో తేడా అంతా అక్కడి నుంచి పుట్టిందే. వేగం కన్నా కూడా ముఖ్యమైనది, బోర్డు మీద ఎవరూ రాయనిది, గింజ.

రిఫైనరీలో నూనెకి క్షారం తగులుతుంది, బ్లీచింగ్ మట్టి తగులుతుంది, ఆవిరి తగులుతుంది. రుచి పోతుందన్నది ఎంత నిజమో, పుచ్చు గింజల నుంచి వచ్చిన విషం చాలావరకు పోతుందన్నదీ అంతే నిజం. గానుగలో ఆ వడపోత లేదు. బూజు పట్టిన వేరుశనగలో పెరిగే అఫ్లాటాక్సిన్ అనే ఆ విషం ఎక్కువభాగం చెక్కలో ఉండిపోయినా, కొంత నూనెలోకి దిగుతుంది, వండినంత మాత్రాన పోయే రకం కాదు. అందుకే వేరుశనగ గుళ్లు ఏరడం చాదస్తం కిందకి రాదు. గానుగ నూనెలో శుద్ధి అనేదేమైనా ఉందంటే అదొక్కటే. ముడుచుకుపోయినవి, నల్లబారినవి, లోపల పసుపుపచ్చగా మారినవి, మొలకెత్తినవి తీసేయాలి. బద్దలుగా విరిగినవాటిని కూడా ఆడించడానికి ఉంచకండి, పొర ఊడిన గింజకే ముందు బూజు తగులుతుంది. నాలుగు గింజలు రెండుగా విడదీసి లోపల చూడండి, మధ్య బోలులో బూడిదరంగు నూగు కనిపిస్తే ఆ బస్తా వద్దు. నోట్లో వేసుకున్న గింజ చివర్లో చేదు తగిలితే ఆ బస్తా కూడా వద్దు.

అనంతపురం వైపు నుంచి వచ్చే గుళ్లయినా, బాపట్ల ఇసుక నేలల్లో పండినవైనా నూనెకి పనికొస్తాయి. వేసవి ముంగిట రబీ పంట దిగినప్పుడు కొన్నవి మేలు, వానల్లో తడిసి ఆరిన కాయ తక్కువ ఉంటుంది. వేయించుకు తినడానికి లావు గుళ్లు బాగుంటాయి గానీ నూనెకి ఆ షోకు అనవసరం, మధ్యరకం గుళ్లు నిండుగా ఉంటే చాలు. కొనగానే గానుగకి తీసుకెళ్లకండి. దుప్పటి మీద పలచగా పరిచి ఒక రోజు ఎండ చూపించాలి. కొరికితే పటుక్కున విరగాలి, పంటికి సాగకూడదు. సరిగా ఎండకపోతే పిండి ముద్దకట్టి రోకలితోపాటే గిరగిరా తిరుగుతుంది గానీ నలగదు. నూనె మబ్బుగా దిగి నెల తిరక్కుండానే వాసన మారుతుంది. రెండు మూడు రోజులు ఎండబెట్టి అతి చేస్తే అదీ తంటాయే: పిండి పొడిపొడిగా అయిపోయి నూనె వదలదు, గానుగతను నీళ్లు ఎక్కువ చల్లాల్సి వస్తుంది, ఆ నీళ్ల చెమ్మ మళ్లీ నూనెలోనే తేలుతుంది.

ఇక గానుగ దగ్గర. రోలు సైజును బట్టి వాయికి, అంటే ఒక విడతకి, 12 నుంచి 16 కిలోలు పోస్తారు, అంతకన్నా తక్కువ తెస్తే రోకలికి పట్టు దొరకదని తీసుకోరు. ఫోన్ చేసి కనీసం ఎంత తేవాలో అడిగి వెళ్లడం మంచిది. వెళ్లగానే చూడాల్సింది రోలు అడుగు. మీకు ముందు ఆడించిన గింజ ఏమిటి? నువ్వుల తర్వాత వేరుశనగ ఆడిస్తే పెద్ద నష్టం లేదు. ఆముదమో వేపగింజలో ఆడించే రోలులో తినే నూనె ఆడించడానికి మాత్రం ఒప్పుకోకండి, రోలు కలప సందుల్లో ఇంకిన నూనె ఎంత తుడిచినా పూర్తిగా రాదు. అడుగున పాత చెక్క నల్లగా అట్టకట్టి ఉంటే గీకించండి. మొహమాటపడితే ఆ పాత వాసన మీ డబ్బాలోకే వస్తుంది.

మొదటి పది నిమిషాలు గుళ్లు పొడి కావడమే. తర్వాత చెంబుతో నీళ్లు చల్లుతారు. నీళ్లు కలిపేస్తున్నాడని గొడవపెట్టుకునే వాళ్లుంటారు, అది కల్తీ కాదు. ఆ కాస్త తడి తగిలితేనే పిండి ఒకదానికొకటి పట్టుకుని నూనెను బయటికి తోస్తుంది. 12 కిలోలకి అరలీటరు లోపు మామూలే, చెంబుల మీద చెంబులు పోస్తుంటే గుళ్లైనా అతిగా ఎండి ఉండాలి, రోకలైనా అరిగి ఉండాలి. అరగంట దాటాక రోకలి చుట్టూ పిండి గోడలా లేస్తుంది, నూనె ఊట కనిపిస్తుంది. గంటకి కాస్త అటూఇటూగా వాయి అయిపోతుంది. చివర్లో చెక్కను గునపంతో పెళ్లగించి తీస్తారు. ఈ గంటసేపూ నిలబడటానికి నీడ, కూర్చోడానికి బల్ల ఉన్న గానుగలు తక్కువ. ఎండాకాలంలో రద్దీ కూడా తోడైతే పూట మొత్తం పోతుంది. సేవ పరంగా ఇదే పెద్ద లోపం.

తూకం దగ్గర జాగ్రత్త. 10 కిలోల మంచి గుళ్లకి 4 కిలోల నూనె రావాలి, నాలుగుంపావు వస్తే గానుగతను పనిమంతుడు. ఇక్కడే కిలోకీ లీటరుకీ ముడిపెట్టి చాలామంది తికమకపడతారు. లీటరు నూనె తూకం దాదాపు 910 గ్రాములు, కాబట్టి 4 కిలోలంటే 4.4 లీటర్లు. మూడున్నర కిలోలే వచ్చిందంటే వెంటనే మోసం అనుకోనక్కర్లేదు, చెక్కను చేత్తో పిండి చూడండి. వేళ్లకి నూనె జిడ్డుగా అంటుతుంటే వాయిని తొందరగా దించేశారన్నమాట, ఇంకో పది నిమిషాలు ఆడించమనండి. చెక్క పొడిగా ఉండి నూనె కూడా తక్కువైతే గుళ్లలోనే నూనె లేదు. అన్నిటికన్నా గట్టి పరీక్ష ఇది: నూనె, చెక్క కలిపి తూస్తే మీరిచ్చిన గుళ్ల బరువుకి దగ్గరగా ఉండాలి. రోలుకి అంటుకుని రెండు మూడు వందల గ్రాములు పోతే పోనీ, కిలో పైన తేడా వస్తే అడగాల్సిందే.

ధర సంగతి. రేట్లు వారంవారం మారతాయి కాబట్టి లెక్క పద్ధతి తెలియడానికి అంకెలు ఊహగా వేసుకుందాం. కిలో గుళ్లు 140 రూపాయలు, ఆడింపు కిలోకి 20 అనుకుంటే 12 కిలోలకి 1920 అవుతుంది. వచ్చేది 4.8 కిలోలు, అంటే 5.3 లీటర్లు. లీటరు 362 పడింది. 7 కిలోల చెక్కను కిలో 35 చొప్పున వాళ్లకే వదిలేస్తే 245 తగ్గి లీటరు 316కి దిగుతుంది. ఈ లెక్క ప్రకారం, గానుగ నూనె అని చెప్పి లీటరు ఒట్టి గుళ్ల ఖరీదు కన్నా తక్కువకి ఎవరైనా ఇస్తున్నారంటే అనుమానించాల్సిందే. లీటరుకి రెండుంపావు నుంచి రెండున్నర కిలోల గుళ్లు పడతాయన్న ఒక్క సంగతి గుర్తుంటే ఏ కొట్లోనైనా బేరం అక్కడికక్కడే తేలిపోతుంది.

కొట్లో సిద్ధంగా ఉన్న నూనె కొనేవాళ్లు ఫ్రిజ్ పరీక్షను నమ్ముకోవద్దు. గడ్డకడితే పామాయిల్ కలిసినట్టే అంటారు గానీ ఫ్రిజ్ చలికి అసలు సిసలు వేరుశనగ నూనె కూడా మబ్బుపట్టి చిక్కబడుతుంది. పీపాలోంచి క్యాన్‌లోకి విడిగా పోసి అమ్మడానికి ఆహార భద్రత నిబంధనలు ఒప్పుకోవు. సీలు వేసిన సీసా, తయారీ తేదీ, 14 అంకెల ఎఫ్.ఎస్.ఎస్.ఏ.ఐ. లైసెన్సు నంబరు ఉన్నవే తీసుకోండి.

కొత్తగా దిగిన నూనె బురదనీళ్ల రంగులో ఉంటుంది. చూసి కంగారుపడొద్దు, అప్పుడే వాడనూ వద్దు. స్టీలు గిన్నెలో పోసి, పలచని గుడ్డ కట్టి, ఒక పూట ఎండలో ఉంచితే చెమ్మ వదులుతుంది. రోజుల తరబడి ఎండలో పెడితే మాత్రం వెలుతురుకి నూనె పాడవుతుంది. తర్వాత మూడు రోజులు కదపకుండా ఇంట్లో పెడితే మడ్డి అడుక్కి దిగి పైన తేట నిలుస్తుంది. గిన్నె వంచితే మడ్డి మళ్లీ లేస్తుంది, గరిటెతో పైపైన తోడుకోవాలి. అడుగున మిగిలింది దీపారాధనకి వాడేయొచ్చు. ఇత్తడి, రాగి పాత్రల్లో నూనె త్వరగా పాతబడుతుంది, మంచినీళ్ల ప్లాస్టిక్ క్యాన్లూ వద్దు. స్టీలు డబ్బాలో పెట్టి, పొయ్యి పక్కన కాకుండా చీకటి అలమరలో ఉంచితే వేరుశనగ నూనె మూడు నెలలు బాగుంటుంది. మన మే నెల ఎండలకి ఇంకో నెల తగ్గించుకోండి. అందుకే ఏడాదికి సరిపడా ఒకేసారి ఆడించుకోవడం తెలివైన పని కాదు.

ఎంత కావాలి? హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన మార్గదర్శకాల్లో, రోజుకి 2000 కిలోక్యాలరీల భోజనానికి నూనె, నెయ్యి లాంటివన్నీ కలిపి 27 గ్రాములుగా లెక్కవేసింది. నలుగురున్న ఇంటికి అది నెలకి సుమారు మూడుంపావు కిలోలు, అంటే మూడున్నర లీటర్లు. 12 కిలోల వాయి నెలా పదిహేను రోజులకి సరిపోతుంది. గానుగ నూనె చిక్కన కాబట్టి తక్కువ పడుతుందని, ఒంటికి పట్టదని అమ్మేవాళ్లు చెప్పే మాటలు వినకండి. ఏ నూనెకైనా గ్రాముకి 9 కిలోక్యాలరీలే. పైగా ప్యాకెట్ల మీద ఎఫ్ గుర్తుతో వచ్చే నూనెల్లో ఎ, డి విటమిన్లు కలుపుతారు, గానుగ నూనెలో అవి ఉండవు. అందులో సహజంగా ఉండే విటమిన్ ఇ, గింజ రుచి, ఎక్కడి నుంచి వచ్చిందో మనకి తెలియడం, ఈ మూడే గానుగ మనకిచ్చేవి. అవి తక్కువవేం కాదు.

బాండీలో పోశాక దాని గుణం తెలుస్తుంది. రిఫైన్ చేయని వేరుశనగ నూనె 160 డిగ్రీల దగ్గరే పొగ మొదలెడుతుంది, గారెలు కాలడానికి 170 నుంచి 180 డిగ్రీల వేడి కావాలి. అంటే గారె వేసేవేళకే నూనె మాడే దారిలో ఉంటుంది. రెండో ఇబ్బంది నురగ. రిఫైనరీలో తీసేసే జిగురు పదార్థాలు, ఫాస్ఫోలిపిడ్లు, ఇందులో అలాగే ఉంటాయి. తడి పిండి పడగానే నురగ బాండీ అంచుల దాకా పొంగుతుంది, మంట మీదకి ఒలికిందంటే ప్రమాదం. తేరని నూనెలో ఇది ఇంకా ఎక్కువ. కాబట్టి పిండివంటలకి వేరే రిఫైన్డ్ నూనె ఒక లీటరు విడిగా ఉంచుకోవడమే సబబు. తాలింపులు, వేపుళ్లు, ఇగురు కూరలు, దోసెలు, రోటి పచ్చళ్లకి గానుగ నూనె దివ్యంగా ఉంటుంది. తాలింపులో కూడా పొగ వచ్చేదాకా ఆగకండి, ఒక్క ఆవగింజ వేసి చూసి చిటపటలాడగానే మిగతావి వేసేయండి. కందిపొడి అన్నంలోకి పచ్చినూనె వేసుకునే అలవాటున్న ఇళ్లవాళ్లకైతే ఈ ఖర్చంతా ఆ ఒక్క ముద్దకే గిట్టిపోతుంది.

గానుగకి వెళ్లడానికి అసలు కారణం మాత్రం పప్పునూనె. నువ్వుల్లో సెసమాల్ లాంటి సహజ రక్షకాలుండటం వల్ల అది వేరుశనగ నూనె కన్నా ఎక్కువకాలం నిలుస్తుంది, ఆవకాయకి మన వైపు దాన్నే వాడటంలో రుచితోపాటు ఆ లాభమూ ఉంది. 10 కిలోల నువ్వులకి 4 కిలోల పైన నూనె దిగుతుంది. ఒక ఇంటికి అంత అక్కర్లేదు కాబట్టి అపార్ట్‌మెంటులో ఇద్దరు ముగ్గురు కలిసి ఒక వాయి ఆడించుకుంటే సరిపోతుంది. నువ్వుల్లో ఇసుక ఎక్కువ, నీళ్లలో గాలించి ఎండబెట్టి ఆడించాలి, లేకపోతే చెక్కంతా పంటికింద కరకరే. ఆవకాయ కోసమైతే మామిడికాయ కొనడానికి వారం ముందే ఆడించండి. తేరని నూనెలోని చెమ్మే జాడీలో బూజుకి దారితీస్తుంది. ఏప్రిల్ చివర్నుంచి గానుగల దగ్గర వరస పెరుగుతుంది, పొద్దున్నే మొదటి వాయి చెప్పుకుంటే రోలు కూడా శుభ్రంగా దొరుకుతుంది.

నువ్వులు ఆడించేటప్పుడు తాటిబెల్లం వేయడం చాలాచోట్ల ఉంది. 10 కిలోలకి కిలో దాకా వేస్తారు. పిండికి జిగురొచ్చి నూనె త్వరగా విడుతుంది. నూనె వరకు దాంతో పేచీ లేదు. కానీ తెలగపిండి (నువ్వుల చెక్క) కూర వండుకోవాలనుకుంటే బెల్లం వద్దని ముందే చెప్పాలి. బెల్లం పడిన చెక్క నల్లబారుతుంది, కూరకి తీపొస్తుంది, త్వరగా బూజు పడుతుంది. నీళ్లతోనే ఆడించమంటే పది నిమిషాలు ఎక్కువ పడుతుందని కొందరు విసుక్కుంటారు, విసుక్కోనివ్వండి. పొట్టు తీసిన నువ్వుపప్పు ఆడిస్తే పిండి తెల్లగా కమ్మగా ఉంటుంది, పొట్టుతో ఆడిస్తే కాస్త చేదు తగులుతుంది.

ఈ తెలగపిండిని గానుగ దగ్గరే వదిలేసి వచ్చేవాళ్లను చూస్తే జాలేస్తుంది. బరువులో దాదాపు మూడో వంతు ప్రొటీనే. మనిషికి 25 గ్రాముల పిండి పడితే 8 గ్రాముల ప్రొటీన్ అందుతుంది. బాలింతలకు మునగాకుతో కలిపి పెట్టడం మన వైపు ఎప్పటినుంచో ఉన్నదే. నలుగురికి 100 గ్రాముల పిండి, అంటే ఒక కప్పు, రెండు కప్పుల లేత మునగాకు చాలు. చెక్క గడ్డలుగా ఉంటే రోట్లో దంచి జల్లించుకోవాలి. ఒకటిన్నర కప్పుల నీళ్లలో ఉప్పు, పసుపు, మునగాకు వేసి ఐదారు నిమిషాలు ఉడికిస్తే ఆకు మెత్తబడి నీళ్లు కప్పుంపావు దాకా మిగులుతాయి. అప్పుడు పిండిని కుప్పగా పోసి, కలపకుండా మూతపెట్టి, సన్నసెగన ఏడెనిమిది నిమిషాలు వదిలేయాలి. పోయగానే గరిటెపెట్టి తిప్పితే కూర కాదు, ముద్దవుతుంది. నీళ్లు పిండిలోకి ఇంకాక గరిటె కాడతో చిదిపి విడదీయాలి. రెండు చెంచాల పప్పునూనెలో శనగపప్పు, మినప్పప్పు, ఆవాలు, జీలకర్ర, నాలుగు ఎండుమిరపకాయలు, చితక్కొట్టిన ఆరు వెల్లుల్లి రెబ్బలు, కరివేపాకు వేయించి, కూర అందులో వేసి మూడు నిమిషాలు సెగ మీద కలిపితే పొడిపొడిగా వస్తుంది. గొంతుకి అడ్డుపడుతున్నట్టుంటే నీళ్లు తక్కువయ్యాయి, రెండు చెంచాలు చిలకరించి మళ్లీ మూత పెట్టండి. మునగాకు దొరకని రోజు సొరకాయ ముక్కలతో చేసుకోవచ్చు. అప్పుడు నీళ్లు సగం చాలు, కాయలోంచే దిగుతాయి.

చెక్కలో నూనె మిగిలే ఉంటుంది కాబట్టి బయట పెడితే తెలగపిండి త్వరగా పాత వాసన కొడుతుంది. గానుగ నుంచి తెచ్చిన రోజే పలచగా ఆరబెట్టి, డబ్బాలో మూత బిగించి ఫ్రిజ్‌లో పెట్టండి, నెల రెండు నెలలు వాడుకోవచ్చు. వాయి మొత్తం పిండి ఒక్క ఇంట్లో అవదు, వాయిలో వాటా ఉన్నవాళ్లతో చెక్క కూడా పంచుకోండి. వేరుశనగ చెక్కను మాత్రం వంటకి వాడకండి, పుచ్చు గింజల విషం ఉంటే ఎక్కువగా చేరేది అందులోనే. గేదెలున్నవాళ్లకి ఇస్తారా, అప్పుడు కూడా గుళ్లు ఏరి ఆడించినదైతేనే ఇవ్వండి. బూజు చెక్క తిన్న గేదె పాలలోకి ఆ విషం కొంత దిగుతుంది.